ముందే తాడు లాగకండి

సంపాదకులకు నమస్కారం.

సముద్రంలో చేపల వేట నిషేధం వచ్చిందంటే పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా ఒడ్డంతా మరమ్మతులే. వలలు బాగుచేసుకునేవారు కొందరు, ఫైబర్ తెప్పలకు అతుకులు వేసుకునేవారు కొందరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే ఈ 61 రోజుల్లోనే, పాకల్లో గోనెసంచులు కప్పుకుని ఏళ్ల తరబడి పడివున్న పాత ఔట్‌బోర్డ్ ఇంజన్లూ, అంటే తెప్ప వెనక బయట బిగించే ఇంజన్లూ వెలుగు చూస్తాయి. కొత్తది కొనే స్తోమత లేక పాతదాన్నే లేపుదామనుకునేవారు, ఎవరో వదిలేసినది చవగ్గా దొరికిందని తెచ్చుకున్నవారు ముందుగా చేసే పని ఒకటే. దాన్ని తెప్పకో దూలానికో బిగించి, స్టార్టర్ తాడు పట్టుకుని బలంకొద్దీ లాగుతారు. అయిదారేళ్లు ఊరికే పడివుంటే జరగని నష్టం ఆ పది లాగుళ్లలో జరిగిపోతుంది. ఆ తర్వాత మా దగ్గరికి తెస్తే మేం చేయగలిగింది తక్కువ. అందుకే ఈ ఉత్తరం. మన తీరంలో ఎక్కువగా కనిపించే 8 నుంచి 15 హెచ్‌పీ టూస్ట్రోక్ ఇంజన్లను, అంటే పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపేవాటిని, దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

ఆ మొదటి లాగుడుకు లోపల ఏమవుతుందో చెబితేనే మిగతాది అర్థమవుతుంది. సిలిండర్ గోడలకు ఉన్న ఆయిల్ పొర ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. మన ఉప్పుగాలికి దాని స్థానంలో పలచటి తుప్పు పట్టి ఉంటుంది. పిస్టన్ రింగులు పాత ఆయిల్ మడ్డితో గాడుల్లో అతుక్కుపోయి ఉంటాయి. ఆ స్థితిలో పిస్టన్‌ను ఒక్కసారిగా ఆడిస్తే తుప్పు పొడే ఆకురాయిలా సిలిండర్‌ను గీరేస్తుంది, రింగు విరిగినా విరుగుతుంది. కింద నీళ్లు తోడే పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు ఒకే వైపుకు వంగి అలాగే గట్టిపడి ఉంటాయి. పొడిగా తిప్పితే మొదట్లోకంటా చీలతాయి. చీలిన ముక్కలు నీటిదారిలో పైకెళ్లి ఏ వంపులోనో ఇరుక్కుంటాయి. ఇక కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజను వేడెక్కుతూనే ఉంటుంది, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు.

కాబట్టి మొదట మూత తీయండి, చూడండి. ఈ తేమకు ఎలుకలు, చీమలు, మట్టిగూళ్లు కట్టే కందిరీగలు ఇంజన్ మూత కింద కాపురం పెట్టడం మామూలే. కందిరీగ మట్టిగూడు సరిగ్గా చల్లటి నీళ్లు ధారగా బయటికొచ్చే సన్న బెజ్జంలో కట్టుకుంటుంది. వైర్లు ఎలుక కొరికిందేమో, ఫ్యూయెల్ పైపులు వేలితో నొక్కితే పగుళ్లు తేలుతున్నాయేమో చూడాలి. స్టార్టర్ తాడు పీచులు లేచిపోయి ఉంటే మార్చాలి. అయితే ఆ గుండ్రటి డబ్బా విప్పేటప్పుడు లోపలి స్ప్రింగు పాములా ఎగిరి ముఖానికి కొట్టగలదు, అది తెలిసిన చేత్తోనే విప్పించాలి.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు విప్పాలి. విప్పేముందు చుట్టూ ఉన్న ఇసుకను గాలితో ఊదేయాలి, లేకపోతే అదంతా సిలిండర్‌లోకే. ఒక్కో ప్లగ్గు రంధ్రంలో సిరంజితో పది మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిల్ పోసి, గుడ్డతో మూసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు ఫ్లైవీల్‌ను, అంటే ఇంజను పైనుండే బరువైన చక్రాన్ని, రెండు చేతులతో, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే, మెల్లగా తిప్పాలి. వెనక్కి తిప్పితే ఇంపెల్లర్ రెక్కలు ఎదురు మడతపడి తెగుతాయి. తిరగకపోతే బలం వాడొద్దు. తుప్పు వదిలించే ద్రవం పోసి, రెండు మూడు రోజులు ఆగి, ఫ్లైవీల్ నట్టుకు స్పానర్ పెట్టి బిగించే వైపుకు కొద్దికొద్దిగా నెట్టి చూడాలి. వారం గడిచినా కదలకపోతే పవర్‌హెడ్, అంటే సిలిండర్లుండే పైభాగం, విప్పాల్సిందే. సుత్తితో ఫ్లైవీల్ మీద కొట్టేవాళ్లున్నారు. లోపలి అయస్కాంతాలు పగులుతాయి, ఊడిపోతాయి. అలా కొట్టిన ఇంజనుకు ఆ తర్వాత స్పార్క్ లేదంటే తప్పు ఎవరిది?

ఫ్లైవీల్ తిరుగుతుంటే చెవి దగ్గరపెట్టి వినండి. మెత్తగా తిరిగితే మంచిదే. గరగరమంటే క్రాంక్ బేరింగులు తుప్పు తిన్నట్టు. సముద్రంలో మునిగి, అలాగే ఏళ్లు పడివున్న ఇంజను అయితే ఆ గరగర దాదాపు ఖాయం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ లాంటి తుపానుకు మునిగి, ఉప్పునీళ్లతోనే మూలనపడ్డ ఇంజను మీద డబ్బు పెట్టొద్దని మా సలహా. పార్టుల కోసం దాచుకోండి, అంతే. మునిగిన రోజునే పనిచేస్తే మాత్రం బతుకుతుంది. మంచినీళ్లతో లోపలా బయటా కడిగి, ప్లగ్గులు తీసి, నీళ్లన్నీ ఒలకబోసి, ఆయిల్ పోసి కొన్ని గంటల్లోపే స్టార్ట్ చేయాలి. మెకానిక్ దొరకడానికి రెండ్రోజులు పట్టేట్టుంటే ఇంజనును బయట ఆరబెట్టకండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, మంచినీళ్ల తొట్టెలో ముంచి ఉంచడమే మేలు. ఉప్పు, తడి, గాలి మూడూ కలిసినప్పుడే తుప్పు పరుగెడుతుంది.

కంప్రెషన్ గేజ్ ఉన్నవారి దగ్గర ఒకసారి కొలిపించుకోవాలి. రెండు ప్లగ్గులూ తీసేసి, కిల్ స్విచ్ (ఇంజనును ఆపే స్విచ్) లాన్యార్డ్ తాడు లాగేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగైదుసార్లు తాడు లాగాలి. తాడు లాగడం ఇప్పుడు పర్వాలేదు, ఆయిల్ పడింది గనక. కాకపోతే ఇంపెల్లర్ ఇంకా పాతదే, దాన్ని సబ్బునీళ్లతో తడిపి అవసరమైనన్ని లాగుళ్లే లాగాలి. 90 పీఎస్‌ఐ పైన ఉండి, రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతంలోపు ఉంటే ముందుకెళ్లొచ్చు. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే రింగు అతుక్కుని ఉండొచ్చు. మడ్డిని కరిగించే డీకార్బన్ ద్రవం పోసి ఒక రాత్రి నాననిచ్చి మళ్లీ కొలిస్తే ఒక్కోసారి లేస్తుంది. లేవకపోతే ఇక ఖర్చు లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు కింది భాగం. మా అనుభవంలో అందరూ వదిలేసేది ఇదే, ఇంజను పోయేది కూడా దీనివల్లే. ఇంపెల్లర్ బాగానే కనిపిస్తోందని వదిలేయకూడదు. ఎన్నేళ్ల క్రితం వేసిందో తెలియని రబ్బరు పనికిరాని రబ్బరే. లోయర్ యూనిట్, అంటే పంపు, గేర్లు ఉండే ఈ కింది భాగం, బోల్టులు మోడల్‌ను బట్టి నాలుగైదు ఉంటాయి, ఒకటి ఫ్యాను పైనుండే చిన్న రెక్క (ట్రిమ్ ట్యాబ్) వెనక దాక్కుని ఉండొచ్చు. అది చూడక స్క్రూడ్రైవర్‌తో పెకలించి కేసింగ్ పగలగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం కేసింగ్, మధ్యలో ఉప్పునీళ్లు. అక్కడ తెల్లటి చిలుము పెరిగి బోల్టును సిమెంటులా పట్టేస్తుంది. విప్పాలంటే తుప్పు వదిలించే ద్రవం కొట్టి ఒకరోజు ఆగాలి. కేసింగ్‌ను హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేయాలి. అప్పుడు కూడా ముందు వెంట్రుకవాసి బిగించి, ఆ పట్టు తెగాక విప్పాలి. తల తెగిన బోల్టును డ్రిల్ చేసి తీయడం ఒక పూట పని, ఈ ఓపిక అరగంట పని. తిరిగి బిగించేటప్పుడు మరలకు మెరైన్ గ్రీజు రాస్తే వచ్చేసారి ఈ బాధ ఉండదు.

గేర్ రాడ్డు విడదీశాక యూనిట్ కిందికి జారుతుంది. పంపు డబ్బా తీస్తే రబ్బరు ఇంపెల్లర్, దాన్ని షాఫ్టుకు పట్టించే అర్ధచంద్రపు కీ, కింద స్టీలు ప్లేటు కనిపిస్తాయి. ఇంపెల్లర్ రెక్కల చివర్లు తాకి చూడండి. కొస అరిగి నున్నగా మెరుస్తున్నా, మొదట్లో గోటితో నొక్కితే సన్న గీత తెరుచుకున్నా, వంచితే తిరిగి నిటారుగా రాకపోయినా దాని ఆయుష్షు అయిపోయింది. ఒక రెక్క లేకపోతే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. నీటి గొట్టంలో పైనుంచి కిందికి మంచినీళ్ల పైపు పెడితే చాలాసార్లు అదే రాలిపడుతుంది. స్టీలు ప్లేటు మీద గోరు ఆగేంత గాడి ఉంటే ప్లేటూ మార్చాలి. మన తీరపు ఇసుకలో ఇంజను దింపి ఎక్కించేవారికి ఆ గాడులు త్వరగానే పడతాయి. కొత్త ఇంపెల్లర్‌కు సబ్బునీళ్లు రాసి, షాఫ్టును గడియారం ముల్లు వైపుకు తిప్పుతూ డబ్బా కిందికి నొక్కితే రెక్కలు సరైన వైపుకే వంగుతాయి. షాఫ్టు పళ్ల పక్కలకు గ్రీజు రాయండి గానీ కొస మీద ముద్ద పెట్టొద్దు. ఆ ముద్ద గాడిలో చిక్కుకుని షాఫ్టు పూర్తిగా పైకి కూర్చోదు. అది తెలియక బోల్టులు బిగించి లాగితే క్రాంక్ మీద, గేర్ల మీద బరువు పడుతుంది. యూనిట్‌ను పైకి ఎక్కించేటప్పుడు నీటి గొట్టం రబ్బరు బుషింగులోకి సరిగ్గా దూరిందో లేదో టార్చి వేసి చూడాలి. అది పక్కకు పోతే పంపు ఎంత బాగున్నా నీళ్లు కేసింగ్‌లోకే పోతాయి.

యూనిట్ చేతిలో ఉండగానే గేర్ ఆయిల్ చూడాలి. కింది స్క్రూ విప్పి, ఆ తర్వాత పైది విప్పితే ఆయిల్ దిగుతుంది. మొదట నీళ్లు పడినా, ఆయిల్ పాలటీ రంగులో వచ్చినా సీలు పోయినట్టే. మనదగ్గర ఆ సీలును కోసేది చాలావరకు వల దారమే. ప్రొపెల్లర్, అంటే మన ఫ్యాను, విప్పి షాఫ్టు వెనక చూస్తే నైలాన్ దారం మెలికలు మెలికలుగా చుట్టుకుని, వేడికి కరిగి గట్టి ఉంగరంలా కనిపిస్తుంది. అది సీలు పెదవిని కోసేస్తుంది. బ్లేడుతో కోసి తీసేయాలి, సీలు కొత్తది వేయాలి. ఆయిల్‌లో సన్న వెండి పొడి కాస్త ఉండటం మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలు ఉంటే గేరు పళ్లు విరిగాయని అర్థం. కొత్తగా పోసేది సముద్రపు ఇంజన్లకు వాడే 90 గేర్ ఆయిల్. ఈ సైజు ఇంజన్లకు పావు లీటరుకు అటూఇటూగా పడుతుంది. పైనుంచి పోస్తే లోపల గాలి నిలుస్తుంది, కాబట్టి కింది రంధ్రం నుంచి ట్యూబుతో నొక్కుతూ పై రంధ్రంలోంచి బుడగ లేకుండా కారేదాకా ఎక్కించాలి. ముందు పై స్క్రూ బిగించి, తర్వాతే కింది ట్యూబు తీసి ఆ స్క్రూ పెట్టాలి. రెండు స్క్రూలకూ వాషర్లు కొత్తవే వేయాలి. పాత వాషర్ మిగిల్చే డబ్బుతో టీ కూడా రాదు.

ఇంజనుకు బదులు తాను కరగడానికి కింద బిగించే జింకు ముక్క సగం కరిగిపోయి ఉంటే మార్చండి. దాని మీద రంగు వేయొద్దు. వేస్తే జింకు కరగదు, దానికి బదులు ఇంజను కరుగుతుంది.

పెట్రోలు సంగతికి వద్దాం. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలును ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. కొత్త పెట్రోలులో కలిపినా వద్దు. ఆరు నెలలు దాటితే అది వార్నిష్ వాసనేస్తుంది, జిగురు దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన వైజాగ్ గాలిలో తేమకు లోటేముంది? పీల్చుకున్న నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి కిందికి దిగి వేరే పొరగా నిలుస్తాయి, ట్యాంకు పైపు పీల్చేది అడుగునుంచే. పైగా పాత కాలపు రబ్బరు పైపులు, పెట్రోలు ఎక్కించే రబ్బరు బల్బు, పెట్రోలు పంపు డయాఫ్రం ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. అందుకని ఈ రబ్బరు సామాను అంతా ఒక్కసారే మార్చడం నయం. ట్యాంకు నుంచి ఇంజను దాకా పైపు, చేత్తో నొక్కే బల్బు, కనెక్టర్లలో ఓ-రింగులు, ఫిల్టరు, పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బొరేటర్ గ్యాస్కెట్ల సెట్టు. బల్బు మీది బాణం గుర్తు ఇంజను వైపు చూడాలి. తిప్పి పెట్టి గంటసేపు నొక్కుతూ కూర్చున్నవారిని చూసి నవ్వొద్దు, అది అందరూ చేసే పొరపాటే.

ట్యాంకు ఇనుముదైతే లోపల తుప్పు ఉంటుంది. గుప్పెడు చిన్న నట్లు, కొంచెం డీజిల్ వేసి బాగా ఆడించి ఒలకబోసి, శుభ్రమయ్యేదాకా ఆ పని చేయాలి. తెల్లబడి పగుళ్లుపడ్డ ప్లాస్టిక్ ట్యాంకును పారేయాల్సిందే.

కార్బొరేటర్ పని ఓపికతో చేయాల్సింది. కింది గిన్నె విప్పితే తేనెరంగు జిగురు, దాంతోపాటు తెల్లటి పొడి కనిపిస్తుంది. ఆ పొడి అల్యూమినియాన్ని నీళ్లు తిన్న గుర్తు. ఫ్లోటు, నీడిల్ వాల్వు, మెయిన్ జెట్, స్లో జెట్ వరసగా విప్పి ఒక తెల్లగుడ్డ మీద విప్పిన వరసలోనే పెట్టుకోండి. లోహపు భాగాలను మాత్రమే కార్బ్ క్లీనర్‌లో నానబెట్టాలి, రబ్బరూ ప్లాస్టిక్కూ అందులో వేస్తే పాడవుతాయి. జెట్ బెజ్జాలు వెంట్రుకంత ఉంటాయి. వాటిలో సూదులూ స్టీలు తీగలూ పెడితే బెజ్జం వెడల్పవుతుంది, ఇంజను పెట్రోలు తాగేస్తుంది. జాలరి ఇంట్లోనే దానికి సరైన పనిముట్టు ఉంది. సన్న నైలాన్ గాలం దారం ముక్క తీసుకుని కొస ఏటవాలుగా కోసి జెట్‌లో ఆడిస్తే జిగురు వస్తుంది, ఇత్తడి గీసుకోదు. తర్వాత గాలి కొట్టి, జెట్‌ను ఆకాశంవైపు పట్టి చూస్తే గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. అర్ధచంద్రంలా కనబడితే ఇంకా మిగిలిందన్నమాట. స్లో జెట్ వదిలేసి మెయిన్ జెట్ ఒక్కటే కడిగితే ఇంజను గట్టిగా నడుస్తుంది, ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ మూసినప్పుడు, నిలబడదు. పైలట్ స్క్రూ తీసేముందు లోపలికి మెల్లగా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి అక్కడే పెట్టాలి. లెక్క పోయిందా, పూర్తిగా మెత్తగా మూసి ఒకటిన్నర చుట్టు తెరిచి మొదలుపెట్టండి. గట్టిగా మూస్తే దాని మొనా పోతుంది, అది కూర్చునే చోటూ పోతుంది.

స్పార్క్ గురించి. ప్లగ్గులు కొత్తవే వేయండి, మాన్యువల్లో రాసిన నంబరువే వేయండి. ఎన్‌జీకే ప్లగ్గు నంబరు చివర -10 అని ఉంటే గ్యాప్ 1 మిల్లీమీటరు అని అర్థం. ప్లగ్గును లీడుకు తగిలించి ఇంజను బాడీకి ఆనించి తాడు లాగితే నీలంగా, టప్‌మని చప్పుడుతో రావాలి. నారింజ రంగులో నీరసంగా వస్తే కాయిలో, కనెక్షనో చూడాలి. లీడును గాలిలో వదిలి లాగొద్దు, సీడీఐ (ఎలక్ట్రానిక్ స్పార్క్) ఇంజన్లలో యూనిట్ కాలిపోగలదు. ఈ పరీక్ష చేసేచోట పెట్రోలు డబ్బా, తడి గుడ్డలు ఉండకూడదు. 2023 నవంబరులో మన ఫిషింగ్ హార్బరులో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాక ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

స్పార్క్ అసలు లేదంటే వెంటనే కాయిల్ కొనడానికి పరుగెత్తకండి. ముందు కిల్ స్విచ్ వైరు విప్పి చూడండి. స్విచ్ లోపల ఉప్పు పేరుకుని కరెంటును బాడీలోకి పంపేస్తూ ఉంటుంది, వైరు తీయగానే నీలం స్పార్క్ వస్తుంది. అయితే లోపం తెలిశాక కొత్త స్విచ్ వేయాలే గానీ వైరు విప్పేసి సముద్రంలోకి వెళ్లకూడదు. మనిషి పడిపోతే ఇంజనును ఆపేది అదొక్కటే. మరీ పాత ఇంజన్లలో ఫ్లైవీల్ కింద కరెంటును కలిపి తెంచే పాయింట్లు ఉంటాయి. వాటిని సన్న ఎమరీ కాగితంతో రుద్ది, గ్యాప్ 0.35 మిల్లీమీటరు దగ్గర పెడితే చాలావాటికి సరిపోతుంది. ఫ్లైవీల్ తీయడానికి పుల్లర్ కావాలి. రెండు స్క్రూడ్రైవర్లతో పెకలిస్తే అది వంగుతుంది.

ఆయిల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. సముద్రపు ఇంజనుకు డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే పోయాలి. మోటారుసైకిల్ టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజనుకు చేసింది. నీటితో చల్లబడే ఇంజన్లో అది సరిగ్గా కాలక ప్లగ్గుల మీదా రింగుల మీదా పేరుకుంటుంది. కారు ఇంజన్ ఆయిల్ అయితే మాటే వద్దు. మామూలు పాళ్లు 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. ఏళ్ల తర్వాత లేచిన ఇంజనుకు మొదటి అయిదు లీటర్లూ 25కి 1 పాళ్లలో కలపండి, అంటే అయిదు లీటర్లకు 200 మిల్లీలీటర్లు. పొగ ఎక్కువ వస్తుంది, రానివ్వండి. ఆ పొగే బేరింగులకు తైలం.

ఇక తాడు లాగొచ్చు, కానీ డ్రమ్ములో. 200 లీటర్ల డ్రమ్ము పైభాగం కోసి, దూలానికి ఇంజను బిగించి, ఫ్యాను తీసేసి, దాని పైనుండే వెడల్పాటి ప్లేటు మునిగి ఇంకో జానెడు పైదాకా మంచినీళ్లు నింపాలి. నీళ్లు లేకుండా అర నిమిషం తిప్పినా కొత్త ఇంపెల్లర్ మాడిపోతుంది. గదిలో వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది, ఆరుబయటే పెట్టాలి. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, చోక్ లాగి, న్యూట్రల్‌లో మెల్లగా తాడు సాగదీసి, పట్టు దొరికాక లాగాలి. ఈథర్ స్ప్రేలు కొట్టకండి, సిలిండర్‌లో మనం పోసిన ఆయిల్‌ను కడిగేస్తాయి. కావాలంటే ఆయిల్ కలిపిన పెట్రోలే చెంచాడు ప్లగ్గు రంధ్రంలో వేయండి.

స్టార్ట్ కాగానే చూడాల్సింది సన్న నీటిధార. అర నిమిషంలోపు రాకపోతే ఆపేయాలి. ముందుగా బెజ్జంలో నైలాన్ దారం దూర్చి చూడండి, చాలాసార్లు కందిరీగ మట్టే. ధార వచ్చి మొదట చల్లగా, అయిదు నిమిషాలకు గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు. చేయి పెట్టలేనంత వేడి ఆవిరిగా వస్తే, సిలిండర్ హెడ్ మీద రాల్చిన నీటిచుక్క చుర్రుమంటే ఆపేయాలి. నీటి వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ ఉప్పుతో మూసుకుని ఉండొచ్చు. దాన్ని తీసి గిన్నెలో నీళ్లలో వేసి కాచితే 50, 60 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది. ఒకే డ్రమ్ములో పది నిమిషాలు దాటాక ఇంజను తడబడితే కంగారుపడొద్దు. డ్రమ్ములోంచి లేచే పొగనే కార్బొరేటర్ మళ్లీ పీల్చుకుంటోంది. నీళ్లు మార్చి, గాలి తగిలేట్టు చేసి చూడండి.

రెండు నిమిషాలు నడిచి ఆగిపోతుంటే బల్బు నొక్కి చూడండి. నొక్కుతున్నంతసేపూ నడిస్తే లోపం చాలావరకు పెట్రోలు పంపు డయాఫ్రంలోనే. ఐడిల్‌లో బాగుండి గ్యాస్ పెంచితే చచ్చిపోతుంటే మెయిన్ జెట్. అన్నీ శుభ్రంగా ఉన్నా ఐడిల్ నిలవక ఉన్నట్టుండి వేగం పెరుగుతుంటే క్రాంక్ సీళ్లు గట్టిపడి గాలి లాగుతున్నాయి. దాన్ని అలా నడిపితే పిస్టన్ కరుగుతుంది, ఇంట్లో సర్దుకునే పని కాదది.

సముద్రం పరీక్ష నిషేధం ముగిశాకే, జూన్ 15 ఉదయం, ఒడ్డు కనిపించే దూరంలో చేయండి. మొదటి గంట సగం థ్రాటిల్ దాటొద్దు. తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు, ఇంకో మనిషి ఉండాలి. ఆ రోజే వలలు ఎక్కించుకుని లోతుకు పోవద్దు. ఒక్కమాట పట్టుబట్టి చెబుతున్నాం, ఈ పనంతా ఏప్రిల్ చివర్లోనే మొదలుపెట్టండి. జూన్ 13 రాత్రి మా షెడ్ల ముందు వరసకట్టే ఇంజన్లకు సరైన ఇంపెల్లర్ దొరకదు, ఏదో ఒకటి వేసి పంపాల్సి వస్తుంది. అది మాకూ ఇష్టం లేదు.

సంపాదకుల ద్వారా మత్స్యశాఖ వారికి ఒక మనవి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ పది నిమిషాలు మంచినీళ్లలో నడిపి ఆపితే ఔట్‌బోర్డ్ ఇంజను ఆయుష్షు చాలా పెరుగుతుంది. మనవాళ్లకు అది తెలియక కాదు. తాగడానికే బిందెలు మోసుకునేచోట ఇంజనుకు 200 లీటర్లు ఎక్కడినుంచి వస్తాయి? తెప్పలు ఒడ్డు చేరే ప్రతిచోటా ఒక కుళాయి, ఇంజను బిగించుకునేందుకు ఒక దూలం, దాని కింద ఒక సిమెంటు తొట్టె కట్టించండి. తాగునీరే కానక్కర్లేదు, ఉప్పు లేని బోరునీళ్లు చాలు. తొట్టె మూడడుగుల లోతు ఉండాలి, అడుగున మడ్డి దిగే రంధ్రం ఉండాలి.

ఇట్లు
కొందరు ఔట్‌బోర్డ్ ఇంజన్ మెకానిక్కులు,
విశాఖపట్నం